గిడ్డంగిలో ఏడుపు ఎవరిది?

కిందటి వర్షాకాలంలో వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గరున్న ఒక పల్లెలో గృహకూటానికి వెళ్ళాము. ప్రార్థన ముగిసి టీ తాగుతుండగా ఒక సహోదరి చెంగు సర్దుకుంటూ వచ్చి మా ముందు నిలబడింది. "అయ్యగారండీ, మా ఆయనకి పాత గోదాం కాపలా పని దొరికిందండి. రేత్రి పదైతే సాలు, లోపల ఎవలో మూటలు మోస్తన్నట్టు ఇనబడతాదంట. ఆడమనిషి ఏడుపు కూడా ఇన్నాడంట. పని మానెత్తానంటన్నాడు. మానేత్తే ఇంక వెరావలే గతి. మీరొచ్చి ఓపాలి పార్దన సేయండి" అంది.

వెరావల్ అంటే ఏమిటో మన తీరప్రాంత సంఘాలకు చెప్పనక్కరలేదు. గుజరాత్‌లో బోట్ల మీద చేపల వేటకు వెళ్ళి, నెలల తరబడి ఇంటి ముఖం చూడకుండా ఉండడం. కాబట్టి ఆమె అడిగింది దెయ్యం గురించే అయినా ఆమె అసలు భయం దెయ్యం గురించి కాదు. ఆ రాత్రే వెళ్ళాము. అక్కడ ఏమి జరిగిందో చివర చెబుతాము. ముందుగా ఆ గిడ్డంగుల కథ చెప్పాలి. అది తెలియకుండా దెయ్యం కథలు అర్థం కావు.

గిడ్డంగి అనేది మన మాటే. ఇంగ్లీషువారు ఇండియాలో వాడిన గోడౌన్ అనే మాట మలయ్ భాషలోని 'గుదంగ్' నుంచి వచ్చిందనీ, దానికి మూలం తెలుగు 'గిడ్డంగి' కావచ్చనీ కొందరు నిఘంటుకారులు రాశారు. తూర్పు తీరం నుంచి ఓడలెక్కిన వర్తకులతో పాటు మాట కూడా సముద్రం దాటి, తిరిగి 'గోదాము'గా మన ఇంటికి వచ్చిందన్నమాట. సరుకుతో పాటు మాటలు తిరిగొచ్చాయి. మనుషులు మాత్రం అందరూ తిరిగి రాలేదు. ఈ వ్యాసంలోని బాధ అంతా అదే.

కళింగపట్నం పేరులోనే దాని వయసు ఉంది. నదికి ఎగువన శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయి. ఇంకా పైకి వెళితే తూర్పు గంగరాజులు ఏలిన ముఖలింగం ఉంది. ఆ కాలాల నుంచీ వంశధార ముఖద్వారం వర్తకానికి వాకిలి. దక్షిణాన భీమునిపట్నంలో 17వ శతాబ్దంలోనే డచ్చివారు స్థిరపడ్డారు. వారి సమాధులు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. 1824లో ఇంగ్లీషువారికీ డచ్చివారికీ జరిగిన ఒప్పందం ప్రకారం మరుసటి ఏడు ఆ ఊరు ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. బ్రిటిషు పాలనలో కళింగపట్నం గంజాం జిల్లాలో ఉండేది. గోపాలపురం, బారువ, కళింగపట్నం ఆ జిల్లాకు మూడు రేవులు. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు శ్రీకాకుళం ప్రాంతం విశాఖ జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం వేరు వేరు జిల్లాలయ్యాయి.

నేటి విశాఖ ఓడరేవును చూసిన కళ్ళతో ఆ పాత రేవులను ఊహించకూడదు. అక్కడ ఓడ వచ్చి గట్టుకు ఆనదు. లోతు నీటిలో, ఒడ్డుకు చాలా దూరంలో లంగరు వేసుకుని నిలబడుతుంది. ఒడ్డుకూ ఓడకూ మధ్య కెరటాలు విరిగే చోటు ఉంటుంది. ఆ చోటును దాటించేవి మసూలా పడవలు. ఆ పడవల పలకలకు మేకులు కొట్టరు, కొబ్బరి తాడుతో కుడతారు. మేకు కొట్టిన గట్టి పడవ కెరటం దెబ్బకు బద్దలవుతుంది. కుట్టిన పడవ ఒళ్ళు వంచి దెబ్బ తట్టుకుంటుంది. తండేలు కేక వేస్తే మిగతావారు తెడ్లు వేస్తారు. ఒక్క ఓడ నిండాలంటే అలాంటి పడవలు ఎన్నో సార్లు తిరగాలి. సముద్రం పొంగితే రోజుల తరబడి పడవ కదలదు. అప్పటి వరకు సరుకు ఎండా వానా తగలకుండా ఎక్కడో ఉండాలి. అందుకే ఒడ్డున గిడ్డంగులు కట్టారు. సున్నం, బెల్లం, ఇసుక కలిపిన గార, మందమైన ఇటుక గోడలు, ఎత్తున చిన్న కిటికీలు, పెద్ద తలుపులు. దొంగకూ చెమ్మకూ లొంగకూడదని అలా కట్టారు.

లోపల ఏముండేది? నువ్వులు, ఒలిసెలు, పసుపు, కరక్కాయలు, తోళ్ళు, ధాన్యం, అపరాలు, గోగునార. పర్లాకిమిడి, జయపురం వైపు నుంచి ఎడ్లబళ్ళ మీద, కొండ దారుల్లో కావళ్ళ మీద సరుకు దిగివచ్చేది. భీమిలి గోగునారకు లోకమంతా 'బిమ్లీ జూట్' అనే పేరు పడింది. చిట్టివలస, నెల్లిమర్ల జనపనార మిల్లులు ఆ నార మీద పుట్టినవే. శ్రీకాకుళం సన్నబట్టకు ఒకప్పుడు దూరదేశాల్లో పేరుండేది. పొందూరు ఖాదీలో ఆ చేతి పనితనం ఇంకా బ్రతికే ఉంది.

కాటా వేసేవాడు, ముద్ర వేసేవాడు, లెక్క రాసేవాడు, మూట మోసేవాడు, పడవ నడిపేవాడు. గిడ్డంగి చుట్టూ వీరందరి బ్రతుకులు తిరిగేవి. కానీ లెక్కల పుస్తకాల్లో మూట బరువు ఉంటుంది, మోసినవాడి పేరు ఉండదు. 1866 కరవు సంగతి తలచుకోండి. ఒరిస్సాను ఊడ్చేసిన ఆ కరవు గంజాం జిల్లాను కూడా పట్టి పీడించింది. అలాంటి ఏడాదిలో తాళం వేసిన గిడ్డంగి ముందు నుంచి ఆకలితో నడిచిపోయినవాడికి ఆ గోడ ఎలా కనిపించి ఉంటుంది? కరవు పోయినా ఆ చూపు ఊరి జ్ఞాపకంలో నిలిచిపోతుంది.

సరుకు తరువాత మనుషులు. 19వ శతాబ్దం మధ్య నుంచి ఈ రేవుల మీదుగా మనవాళ్ళు బర్మాకు పోవడం పెరిగింది. రంగూన్‌ను మన పెద్దలు 'రంగం' అనేవారు. "రంగం ఎల్లిపోనాడు" అంటే డబ్బు కోసం పోయాడని ఒక అర్థం, ఇక ఎప్పుడొస్తాడో తెలియదని మరొక అర్థం. అక్కడి వరి మిల్లులకూ రేవు పనికీ కూలీలు కావాలి. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఓడ టిక్కెట్టు, దారి ఖర్చు అన్నీ ఆ అప్పులోనే. అక్కడికి చేరాక జీతం మేస్త్రీ చేతి మీదుగా వచ్చేది, కోతలన్నీ పోగా మిగిలింది కూలీకి. ఓడలో డెక్కు మీద ప్రయాణం. ఓడ వచ్చే వరకు ఒడ్డున, గిడ్డంగి అరుగుల మీద, చెట్ల కింద పడిగాపులు. తల్లులూ భార్యలూ చివరిసారి ఏడ్చింది ఆ అరుగుల దగ్గరే.

1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. వారిలో రేవు కూలీలు ఎక్కువగా తెలుగువారు. వారిని అక్కడ 'కోరంగీలు' అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మన జాతికంతటికీ అంటుకుంది. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నాయి. రాజీ కుదిరి తెలుగువారు తిరిగి వచ్చేసరికి బర్మావారిని పొమ్మన్నారు. మే 26న గొడవ మొదలై నగరమంతా పాకింది. చనిపోయినవారూ గాయపడినవారూ కలిసి వందల్లో ఉన్నారు. ఇద్దరు పేదలను ఎదురెదురుగా నిలబెట్టి, కొట్లాట వచ్చాక చేతులు కడుక్కోవడం పిలాతు కాలం నుంచి ఉన్న పద్ధతే.

తరువాత యుద్ధం వచ్చింది. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం పడిపోయింది. లక్షలాది భారతీయులు అడవుల గుండా, కొండల మీదుగా నడిచి మన దేశం దారి పట్టారు. జ్వరాలతో, ఆకలితో వేలకు వేలమంది దారిలోనే పోయారు. ఏప్రిల్ 6న బాంబులు మన విశాఖ మీద, కాకినాడ మీద కూడా పడ్డాయి. తీరంలో ఉన్నవారు ఇళ్ళు వదిలి లోపలి ఊళ్ళకు పారిపోయారు. ఎదురుచూసేవారు ఒక వైపు, ఎదురుచూడబడేవారు మరొక వైపు, ఇద్దరూ రోడ్డు మీదే ఉన్న రోజులవి. ఎవరి కబురు ఎవరికి చేరుతుంది?

సముద్రం మీద పోయినవారూ ఉన్నారు. 1917లో చిల్కా అనే ఆవిరి ఓడ బారువ తీరం దగ్గర మునిగింది. దాని అవశేషాలు ఇప్పటికీ నీటి అడుగున ఉన్నాయి.

గిడ్డంగులు ఖాళీ అవడం ఒక్క రోజులో జరగలేదు. 1890లలో తూర్పు తీరం వెంట రైలు వచ్చింది. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేశారు. సరుకు రైలు పట్టాల వైపు తిరిగింది. 1933లో విశాఖలో ఓడ గట్టుకు ఆనే రేవు ప్రారంభమైంది. ఇక లోతు నీటిలో నిలబడి పడవల కోసం కాచుకోవలసిన అవసరం ఏ ఓడకు ఉంటుంది? స్వాతంత్ర్యం తరువాత చిన్న రేవులు ఒక్కొక్కటిగా మూగబోయాయి. మనుషుల సందడి పోయిన చోట కథలు చేరాయి.

ఆ కథలను మేము ఈ తీరంలో ముప్పై ఏళ్ళుగా వింటున్నాము. ఊరు మారినా కథ పెద్దగా మారదు. అర్ధరాత్రి మూటలు దించిన చప్పుడు. కాటా దగ్గర ఎవరో లెక్క పెడుతున్న గొంతు. తెల్లచీర కట్టుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడిన స్త్రీ. లోపలికి దిగి తిరిగి రాని కూలీ. నిద్రలో గుండెల మీద కూర్చుని గొంతు నొక్కే ఆకారం. వీటిని నవ్వి కొట్టిపారేసే సేవకులు కొందరున్నారు, విని ఇంకొన్ని కలిపి చెప్పే సేవకులు మరికొందరున్నారు. ఈ రెండింటి వల్లా సంఘానికి మేలు లేదు. ఒక్కొక్క దాన్ని కూర్చుని విప్పి చూడాలి.

మొదట చప్పుళ్ళు. సముద్రపు గాలిలోని ఉప్పు గోడలోకి ఇంకుతుంది. గోడ ఆరినప్పుడు ఆ ఉప్పు గారలో గడ్డకట్టి పెరుగుతుంది. పెరిగి పెరిగి పైపెచ్చును బయటకు తోస్తుంది. రాత్రి నిశ్శబ్దంలో ఒక పెచ్చు ఎత్తు నుంచి రాలితే ఎవరో రాయి విసిరినట్టే ఉంటుంది. పగటి ఎండకు సాగిన దూలాలూ రేకులూ రాత్రి చల్లబడి ముడుచుకుంటూ టకటక శబ్దం చేస్తాయి. ఎత్తైన కిటికీల్లోంచి గాలి దూరితే ఖాళీ గది సీసా మూతిలా ఊళ వేస్తుంది. ఇక ఏడుపు, కేక. పాత గిడ్డంగుల్లో కాపురం ఉండే తెల్లని గుడ్లగూబ ఒకటుంది. అది కూయదు, కీచుమని అరుస్తుంది. తెల్లటి ముఖంతో రెక్కల చప్పుడు లేకుండా తల మీదుగా ఎగిరిపోతుంది. చీకట్లో దాన్ని మొదటిసారి చూసిన ఏ ధైర్యశాలికైనా చెమట పడుతుంది. నిజానికి అది ఎలుకలను తిని రైతుకు మేలు చేసే పక్షి.

రెండవది వెలుగులు. లైట్‌హౌస్ దీపం తిరుగుతూ కిటికీ మీదుగా పోతే, గోడ మీద తెల్లటి ఆకారం లేచి కదిలి మాయమవుతుంది. కొన్ని రాత్రుల్లో కెరటం విరిగినప్పుడు నీలిరంగు మెరుపు కనిపిస్తుంది. కంటికి ఆనని సముద్ర జీవులు కదలిక తగిలినప్పుడు ఇచ్చే వెలుగు అది.

మూడవది, లోపలికి వెళ్ళి చనిపోయినవారి కథ. ఇది నిజంగా జరిగేదే, నేటికీ జరుగుతున్నదే. గాలి ఆడని చోట ధాన్యం, నూనెగింజలు, చెమ్మ పట్టిన సరుకు నిలవ ఉంటే అవి గాలిలోని ప్రాణవాయువును తినేసి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. ఆ వాయువు బరువైనది, అడుగున నిలుస్తుంది. ధాన్యం పాతరలోకి ఒకడు దిగి పడిపోతాడు. వాణ్ణి లాగడానికి రెండోవాడు దిగి పడిపోతాడు. పైన ఉన్నవారికి ఏమీ కనబడదు, వాసన రాదు. "దెయ్యం లాగేసింది" అనక ఏమంటారు? పాతర మూత తీసి చాలాసేపు గాలి ఆడనిచ్చి, దీపం దించి చూశాకే దిగమని పెద్దలు చెప్పింది అందుకే. దీపం ఆరితే మనిషి దిగకూడదు. దీపం వెలిగినా పూర్తి భరోసా లేదు. మరుగుదొడ్డి ట్యాంకులు, పాడుబడ్డ బావుల విషయంలోనూ ఇదే జాగ్రత్త. దెయ్యమని వదిలేస్తే మరో ఇద్దరు పోతారు, గాలి సంగతి అర్థమైతే బ్రతుకుతారు. ఈ ఒక్క పేరా మీ సంఘంలో చదివి వినిపించమని కోరుతున్నాము.

నాలుగవది, గుండెల మీద కూర్చునే ఆకారం. నిద్ర నుంచి మెలకువ వచ్చే క్షణంలో మనసు మేలుకుని ఒళ్ళు ఇంకా మేలుకోకపోతే, కదలలేము, అరవలేము, ఛాతీ మీద బరువు ఉన్నట్టు అనిపిస్తుంది. పక్కన ఎవరో ఉన్నట్టు తోస్తుంది. వైద్యులు దీన్ని నిద్ర పక్షవాతం అంటారు. సరిగా నిద్రలేనివారికి, రాత్రి కాపలా పనివారికి ఇది ఎక్కువ. కొద్ది క్షణాల్లో పోతుంది, ప్రాణహాని లేదు.

ఇంత చెప్పినా ఒకటి మిగులుతుంది. చప్పుడు గుడ్లగూబదే కావచ్చు. కానీ ఆ చప్పుడు వినగానే మన పల్లెకు మూటలు మోసే కూలీ ఎందుకు గుర్తొచ్చాడు? సముద్రం వైపు చూసే స్త్రీయే ఎందుకు కనబడింది? ఏ దెయ్యం కథలోనూ గిడ్డంగి యజమాని దెయ్యమై తిరగడం మేము వినలేదు. తిరిగేవాడు ఎప్పుడూ కూలీయే. కథ కట్టినవారికి తెలియకుండానే అందులో చరిత్ర చేరింది. లెక్కల పుస్తకంలో చోటు దొరకని మనిషి దెయ్యం కథలో చోటు సంపాదించుకున్నాడు.

పరిశుద్ధ గ్రంథం చనిపోయినవారిని పిలిచి అడగడాన్ని ఖండితంగా నిషేధిస్తుంది. ఏన్దోరుకు వెళ్ళిన సౌలు అక్కడ ఓదార్పు పొందలేదు. శిష్యులు కూడా రాత్రి నాలుగవ జామున సముద్రం మీద నడిచి వచ్చేవాణ్ణి చూసి భూతమని కేకలు వేశారు. వారు చేపలు పట్టేవారు, సముద్రం తెలిసినవారు, అయినా భయపడ్డారు. ప్రభువు వారిని ఎగతాళి చేయలేదు. తానెవరో చెప్పి ధైర్యపరచాడు. పునరుత్థానం తరువాత మళ్ళీ అలాగే భయపడితే, చేతులు చూపించి, తినడానికేమైనా ఉందా అని అడిగి, కాల్చిన చేప ముక్క వారి ఎదుటే తిన్నాడు. భయపడేవారితో ఎలా మాట్లాడాలో కాపరులు నేర్చుకోవలసింది ఇక్కడే.

అదే గ్రంథం మరొకటి కూడా చెబుతుంది. హేబెలు రక్తం నేలలో నుంచి మొరపెట్టిందని ఆదికాండం అంటుంది. పొలం కోసిన పనివారికి బిగబట్టిన కూలి మొరపెడుతుందనీ, ఆ మొర దేవుని చెవుల్లో పడిందనీ యాకోబు రాశాడు. చనిపోయినవాడు తిరుగుతున్నాడని గ్రంథం అనలేదు. జరిగిన అన్యాయం మాత్రం ఊరుకోదని అంది. కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టించుకుందామనుకున్న ధనవంతుడి ఉపమానం కూడా గిడ్డంగి కథే. ఆ రాత్రి అతని ప్రాణమే అతనిది కాకుండా పోయింది.

దెయ్యం కథను వేడుకగా తీసుకోవద్దని మేము చెప్పడానికి మరో కారణం ఉంది. ఆ కథ పాత గోడ దగ్గర ఆగదు. గోడకు దెయ్యం పట్టిందన్న నోరే రేపు బిడ్డకు గాలి సోకిందంటుంది, ఎల్లుండి పక్కింటి విధవరాలు చిల్లంగి పెట్టిందంటుంది. చిల్లంగి అనుమానంతో మనుషులను వెలివేసిన, కొట్టిన, చంపిన ఘటనలు మన రెండు జిల్లాలకూ కొత్త కాదు. దెబ్బ తినేది ఎప్పుడూ దిక్కులేనివారే. కాబట్టి పులిపీఠం మీద నిలబడి దెయ్యాల సాక్ష్యాలు చెప్పించే సేవకులారా, జనం పోగవుతారని మీరు వెలిగించే ఆ అగ్గిపుల్ల ఏ ఇంటి కప్పు మీద పడుతుందో ఆలోచించండి.

మన సంఘాల చరిత్ర కూడా ఈ రేవులకు దూరంగా లేదు. 1805లో లండన్ మిషన్‌వారు విశాఖలో దిగారు. 1870లలో కెనడా బాప్టిస్టులు భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలిలో పని మొదలుపెట్టారు. శ్రీకాకుళంలో పనిచేసిన ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు తరువాత బర్మా వెళ్ళి అక్కడి తెలుగు, తమిళ కూలీల మధ్య సేవ చేశారు. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపారు. చెరకు తోటల్లో పని చేస్తున్న తెలుగువారి కోసం వారు వెళ్ళారు. వలసపోయినవాడి వెంట సంఘం కూడా వెళ్ళాలని ఆనాటివారికి తెలుసు.

మరి ఈనాటి మనకు? 2014 జూన్ 28న చెన్నై మౌళివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో అనేకులు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు. 2018లో గుజరాత్ నుంచి వేటకు వెళ్ళిన మన మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కి ఏడాదికి పైగా చెరలో ఉన్నారు. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా మీదుగా తిరిగి వచ్చారు. రంగం పోయింది, వెరావల్ వచ్చింది. మేస్త్రీ అడ్వాన్సు మాత్రం పోలేదు. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023లో కొత్త ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. కొత్త గిడ్డంగులు లేస్తాయి, మంచిదే. వాటి లెక్కల పుస్తకాల్లో మోసేవాడి పేరు ఉంటుందా అన్నదే మన ప్రశ్న.

సంఘాలకు మా మనవి రెండే. మీ సంఘం నుంచి బయటికి పనికి వెళ్ళినవారి పేరు, వెళ్ళిన ఊరు, పనిలో పెట్టినవారి ఫోను నంబరు ఒక పుస్తకంలో రాసి ఉంచండి. కష్టం వచ్చిన రోజు ఆ పేజీయే ఆధారం. రెండవది, రంగం వెళ్ళి రాని తాతల పేర్లు తెలిసిన ముసలివారు ఇంకా కొందరున్నారు. వారి దగ్గర కూర్చుని ఆ పేర్లు రాసుకోండి. పేరు రాసిన మనిషి దెయ్యం కాడు, మన పూర్వికుడు.

ఇక ఆ రాత్రి సంగతి. గిడ్డంగి దగ్గరకు మేమూ ఇద్దరు పెద్దలూ వెళ్ళాము. చప్పుళ్ళు నిజమే, విన్నాము. టార్చి వేస్తే దూలం మీద తెల్లని గుడ్లగూబ జంట కనబడింది. ఏడుపు వాటిదే. ఆ సహోదరుడు సిగ్గుపడి నవ్వాడు. ప్రార్థన చేసుకుని అరుగు మీద కూర్చున్నాము. పగలు కూడా వల పనికి పోతున్నాడట, రోజుకు మూడు గంటలే నిద్ర. ఎందుకయ్యా అంటే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి చెప్పాడు. కాపలా జీతం రెండు నెలలుగా ఇవ్వలేదు. అడిగితే పని పోతుందని భయం. అందుకే ఇంట్లో జీతం మాట చెప్పలేక దెయ్యం మాట చెప్పాడు.

ఆ యజమాని పరాయివాడు కాదు. ఆదివారం మనతో పాటు చాప మీద కూర్చుని ప్రభురాత్రి భోజనం పుచ్చుకునేవాడే. పెద్దలు మర్నాడే అతని ఇంటికి వెళ్ళారు. అతను మొదట కోపగించుకున్నాడు, మాట పెరిగింది, ఒక నెల జీతం అప్పుడే ఇచ్చాడు, రెండోది పండుగ లోపల ఇస్తానన్నాడు. ఇచ్చాడో లేదో పెద్దలు కనిపెట్టుకుని ఉన్నారు. మేమూ అడుగుతూనే ఉన్నాము. ఆ సహోదరుడు ఇంకా కాపలా మానలేదు, వెరావల్ వెళ్ళలేదు.

దెయ్యాన్ని వెళ్ళగొట్టమని ఆ సహోదరి మమ్మల్ని పిలిచింది. ఆ గిడ్డంగిలో మొరపెడుతున్నది బిగబట్టిన కూలి అని మాకు తెలియడానికి ఒక రాత్రి పట్టింది. చదువరులారా, ఈ ఆదివారం బల్ల దగ్గరకు వచ్చే ముందు మన మన గిడ్డంగుల్లో, దుకాణాల్లో, ఇళ్ళలో పనిచేసేవారి లెక్క ఒకసారి చూసుకుందాము. ఎవరి మొర ఎక్కడ వినబడుతుందో దేవునికి తెలుసు.